ఊజీ చుక్క

ఐదో దశకొచ్చిన పట్టుపురుగు చిటికెన వేలంత ఉంటుంది. తెల్లటి ఒళ్లు, ముట్టుకుంటే చల్లగా, మెత్తగా. హిందూపురం దగ్గరి పల్లెలో మా చిన్నాన్న కొడుకు షెడ్డులో అలాంటిదొకటి అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే దాని పక్క మీద నల్లటి మచ్చ కనబడింది. ఆవగింజంత ఉంది. అగరొత్తితో చురక పెట్టినట్టు అంచులు గోధుమరంగు, నడిమధ్య నలుపు.

"ఇదేంట్రా, పుట్టుమచ్చా?" అన్నాను.

"పుట్టుమచ్చ కాదన్నా, ఊజీ చుక్క. ఇంక దీని పని అయిపోయినట్టే" అని నా చేతిలోంచి తీసి పక్కనున్న బకెట్లో వేశాడు.

ఊజీ అంటే ఒక ఈగ. ఇంట్లో తిరిగే ఈగకన్నా కాస్త పెద్దది. 1980లో కర్ణాటకలో కనబడింది మొదలు దక్షిణాది పట్టు రైతులకు దాంతో వేగడమే సరిపోతోంది. షెడ్డు కిటికీలకు వల కట్టేది అందుకే. సందు దొరికితే చాలు, లోపలికి దూరి పురుగు ఒంటి మీద తెల్లటి గుడ్డు అంటించి పోతుంది. రెండు మూడు రోజుల్లో గుడ్డులోంచి వచ్చిన పిల్ల తోలుకు కన్నం వేసుకుని లోపలికి దిగి, తింటూ పెరుగుతుంది. ముందుగా సోకితే పట్టుపురుగు గూడు అల్లకముందే చస్తుంది. ఆఖరి రోజుల్లో సోకితే గూడైతే అల్లుతుంది గానీ, ఊజీ పిల్ల ఆ గూటికి చిల్లి పెట్టుకుని బయటికొస్తుంది. చిల్లి పడ్డ గూటి నుంచి పోగు తీయడం కుదరదు.

మా తమ్ముడి దృష్టిలో ఆ చుక్క ఊజీ వదిలిన గుర్తు. కానీ ఆ నలుపు ఈగ పెట్టింది కాదు. పట్టుపురుగే పెట్టుకుంది.

పురుగు తోలుకు ఎక్కడ కన్నం పడ్డా దాని నెత్తురులో పనిలేకుండా పడి ఉన్న ఒక ఎంజైము మేలుకుంటుంది. పేరు ఫినాలాక్సిడేజ్. అది మొదలుపెట్టే రసాయన చర్యల చివర మెలనిన్ తయారవుతుంది. మన జుట్టుకూ చర్మానికీ రంగునిచ్చేదీ మెలనినే. వంకాయలు కోసి ఉప్పునీళ్లలో వేయడం మరిచిపోతే ముక్కలు నల్లబడతాయి చూడండి, దాదాపు అలాంటి వ్యవహారమే. ఆ నలుపు గాయాన్ని పూడుస్తుంది, లోపలికొచ్చినదాని చుట్టూ పెంకులా బిగుసుకుంటుంది. మధ్యలో పుట్టే విషపు అణువులు ఆ వచ్చినదాన్ని చంపడానికి చూస్తాయి. నెత్తురు అన్నాను గానీ పట్టుపురుగులో అది ఎర్రగా ఉండదు, మన నెత్తురులా సన్నటి నాళాల్లో తిరగదు. ఒంటినిండా లేత పసుపు ద్రవం, అందులో మునిగి ఉన్న అవయవాలు. నీళ్లు నింపిన తిత్తి లాంటి ఒంటికి కన్నం పడితే తక్షణం బిరడా వేయాలి మరి.

అయితే ఊజీ పిల్ల కూడా తక్కువది కాదు. తన చుట్టూ కడుతున్న నల్లటి పెంకును గొట్టంలా వాడుకుంటుంది. వెనక భాగాన్ని కన్నం దగ్గర ఉంచి, ఆ గొట్టంలోంచి బయటి గాలి పీలుస్తూ, ముందు భాగంతో తింటుంది. దాన్ని ఊపిరాడకుండా చేయాల్సిన గోడ దానికే గాలి గొట్టమైంది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

మనకున్నట్టు పురుగులకు యాంటీబాడీలు లేవు. ఒకసారి వచ్చిన రోగాన్ని గుర్తుపెట్టుకుని రెండోసారి దాని అంతు చూసే ఏర్పాటు మనంత పకడ్బందీగా లేదు. అయినా చెత్తలోనూ పేడలోనూ కుళ్లిన పళ్లలోనూ బతికేస్తున్నాయంటే ఏదో ఉండాలి కదా. స్వీడన్ శాస్త్రవేత్త హాన్స్ బోమన్‌కు సరిగ్గా ఈ అనుమానమే వచ్చింది. అమెరికాలో సెక్రోపియా అనే పెద్ద పట్టుపురుగు జాతి ఉంది. గూట్లో నిద్రపోతున్న వాటి ప్యూపాలకు ఆయన బాక్టీరియాను సూదితో ఎక్కించి, కొన్నాళ్లాగి నెత్తురు తీశాడు. ఆ నెత్తురు గాజు గొట్టంలో కూడా బాక్టీరియాను చంపుతోంది. అందులోంచి ఆయన బృందం వేరుచేసిన చిన్న ప్రొటీన్లకు సెక్రోపిన్లు అని పేరు పెట్టి 1981లో ప్రకటించారు. బాక్టీరియా పైపొరకు చిల్లులు పొడవడం వీటి పని.

ఈ ప్రొటీన్లు తయారుచేయమని ఆజ్ఞ ఎవరిస్తారన్నది తర్వాతి ప్రశ్న. దానికి జవాబు అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగలో దొరికింది. 1996లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో బ్రూనో లెమైత్ర్, జూల్స్ హాఫ్‌మన్ బృందం టోల్ అనే జన్యువు చెడిపోయిన ఈగలకు బూజు సోకించి చూశారు. రెండు మూడు రోజుల్లో ఈగలు చచ్చాయి. వాటిలో ఒకదాని ఫొటో చాలా ప్రసిద్ధం: మెడ దగ్గర్నుంచి బూజు పోగులు గడ్డంలా మొలుచుకొచ్చిన ఈగ. టోల్ అప్పటికే తెలిసిన జన్యువు. గుడ్డులో పిల్లకు వీపు ఎటో పొట్ట ఎటో తేల్చేదిగా జర్మనీలో గుర్తించారు. జర్మన్‌లో ఆ మాటకు 'భలే' అని అర్థం. అలాంటి జన్యువే రోగరక్షణకు గంట కొడుతుందని తేలాక మన ఒంట్లోనూ దాని చుట్టాలు బయటపడ్డాయి. హాఫ్‌మన్‌కు 2011లో నోబెల్ వచ్చింది.

ఇంతవరకు చెప్పినదంతా ఒక వైపు కథ. క్రిమిని కనిపెట్టు, పట్టుకో, చంపు. పేపర్లలో రోగాల గురించి రాసినప్పుడల్లా 'మహమ్మారిపై పోరు', 'వైరస్‌పై యుద్ధం' అని శీర్షికలు పెట్టడం చూసి మనకూ ఇదే భాష అలవాటైపోయింది. యుద్ధానికి ఖర్చవుతుందన్న సంగతి శీర్షికల్లో ఉండదు.

ఆ ఖర్చును 2000లో ఇద్దరు శాస్త్రవేత్తలు బొద్దుగా, నూగుగా ఉండే బంబుల్‌బీ అనే తేనెటీగల మీద కొలిచారు. వాటికి రోగమేమీ తెప్పించలేదు. ఒంటిని ఏమార్చడానికి బాక్టీరియా పైపొర ముక్కలో, సన్నటి ప్లాస్టిక్ పూసలో ఎక్కించారంతే. శత్రువు లేని యుద్ధమన్నమాట. తిండి ఉన్నంతసేపు తేడా లేదు. తిండి ఆపేస్తే మాత్రం, ఉత్తుత్తి యుద్ధం చేసినవి మిగతావాటికన్నా ముందే చచ్చిపోయాయి. ఇక మెలనిన్ తయారీలో పుట్టే విషాలు శత్రువునే కాదు, పక్కనున్న సొంత కణాలనూ కాలుస్తాయి.

కొన్నిసార్లు ఆ ఖర్చు ఒక కాలు. ఫ్లోరిడా కార్పెంటర్ చీమల్లో ఒకదాని తొడకు గాయమైతే తోటి చీమలు ముందు గాయాన్ని నోటితో శుభ్రం చేస్తాయి. తర్వాత మొదలు దాకా పాకి, కాలును కొరికి కొరికి తీసేస్తాయి. కనీసం నలభై నిమిషాలు పడుతుంది. గాయపడ్డ చీమ గింజుకోకుండా నిలబడుతుంది. అదే గాయం మోకాలి కింద అయితే కాలు తీయవు, నాకి శుభ్రం చేసి ఊరుకుంటాయి. 2024లో వచ్చిన ఈ పరిశోధనలో నాకు బాగా నచ్చింది ఆ తేడాకు దొరికిన కారణం. తొడలో కండ ఎక్కువ. అది దెబ్బతింటే నెత్తురు నెమ్మదిస్తుంది, బాక్టీరియా ఒంట్లోకి చేరేలోపు కాలు తీసే టైముంటుంది. కింది భాగంలో కండ తక్కువ కాబట్టి బాక్టీరియా చకచకా పైకి పోతుంది, నలభై నిమిషాల ఆపరేషన్ పూర్తయ్యేసరికి ఆలస్యమైపోతుంది. తొడ గాయంతో వదిలేసిన చీమల్లో నూటికి నలభై కూడా బతకవు, కాలు తీస్తే తొంభై పైనే బతికాయి.

మన వ్యవసాయ కరపత్రాల్లో 'ఈ రకం ఫలానా తెగులును తట్టుకుంటుంది' అని రాస్తుంటారు. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. తెగులు క్రిమిని మొక్క తనలో పెరగనివ్వకపోవడం ఒకటి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేసిన మెరుగైన సాంబ మసూరి అలాంటిది. ఎండాకు తెగులు బాక్టీరియాను ఎదిరించే మూడు జన్యువులు అందులో చేర్చారు. క్రిమి ఒంటినిండా ఉన్నా దిగుబడి పడిపోకుండా నెట్టుకురావడం రెండోది. మొదటిది ఎదిరింపు, రెండోది ఓర్పు. రెండోదాన్ని ముందుగా గమనించింది పైరును చూసేవాళ్లే. 1890ల్లో ఆస్ట్రేలియాలో గోధుమకు తుప్పు తెగులు పట్టినప్పుడు, ఆకులు అంతే ఎర్రబడినా కొన్ని రకాలు పంట బాగానే ఇస్తున్నాయని నేథన్ కాబ్ అనే శాస్త్రవేత్త గుర్తించాడు. జంతువుల మీద పనిచేసేవాళ్లు ఈ మాటను గట్టిగా పట్టించుకోవడానికి వందేళ్లకు పైగా పట్టింది. క్రిమిని చంపడమే వైద్యమని నమ్మిన కాలం కదా.

2007లో ఎడిన్‌బరోలో లార్స్ రాబెర్గ్, డెరెక్ సిమ్, ఆండ్రూ రీడ్ ఐదు వంశాల ఎలుకలకు మలేరియా తెప్పించారు. నెత్తురులో ఎన్ని క్రిములున్నాయో చూసి ఊరుకోలేదు. క్రిములు పెరిగేకొద్దీ ఎలుకకు ఎర్రకణాలు ఎంత తగ్గుతున్నాయి, ఎంత బరువు పోతోంది అని కూడా లెక్కేశారు. ఊళ్లో ఇద్దరికి లక్ష రూపాయలు అప్పుందనుకోండి. ఒకాయన ఎద్దులు అమ్ముకుంటాడు, ఇంకొకాయన ఏ తిప్పలు పడతాడో గానీ ఇల్లు గడిపేస్తాడు. అప్పు ఎంతన్నది ఒక లెక్క, అప్పుకు ఎంత చితికిపోయాడన్నది ఇంకో లెక్క. ఎలుకల్లో ఈ రెండు లెక్కలూ విడివిడిగా తేలాయి. పైగా, క్రిములను బాగా అణిచిన వంశాలు ఓర్పులో వెనకబడ్డాయి, ఓర్పున్నవి అణచడంలో వెనకబడ్డాయి.

ఓర్పంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. చెడిన కణాలను బాగుచేసుకోవాలి. మలేరియాలో ఎర్రకణాలు పగిలినప్పుడు కారే హీమ్ అనే విషాన్ని విరిచెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, సొంత సైన్యం అతి చేయకుండా కళ్లెం వేయాలి. కోవిడ్ రోజుల్లో డెక్సామెథసోన్ పేరు విననివాళ్లు లేరు. బ్రిటన్‌లో 2020లో జరిగిన పెద్ద పరీక్షలో వెంటిలేటర్ మీదున్నవాళ్ల చావులను మూడోవంతు తగ్గించింది. అది వైరస్‌ను ఒక్కదాన్ని కూడా చంపదు. కళ్లెం మాత్రమే వేస్తుంది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ఆ పరీక్షలో దానివల్ల మేలు కనబడలేదు.

ఇక్కడ మన పెద్దవాళ్ల మాట ఒకటి గుర్తుకొస్తుంది: లంఖణం పరమౌషధం. జ్వరమొస్తే అన్నం సహించదు. పురుగులదీ అదే తీరు, రోగమొచ్చిన ఈగ తిండి తగ్గిస్తుంది. ఇది రోగం చేసే చెరుపా, ఒళ్లు చేసుకునే వైద్యమా అని జెనెల్ ఎయిర్స్, డేవిడ్ ష్నైడర్ 2009లో పరీక్షించారు. తక్కువ తినే ఈగలకు సాల్మొనెల్లా సోకిస్తే ఎక్కువ రోజులు బతికాయి. పరమౌషధమే! అవే ఈగలకు లిస్టీరియా సోకిస్తే మామూలు వాటికన్నా తొందరగా చచ్చాయి. 2016లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎలుకల మీద ఇలాంటి పరీక్షే చేస్తే, అదే లిస్టీరియా సోకిన ఎలుకలకు బలవంతంగా తినిపించడమే ప్రాణం మీదికి తెచ్చింది, ముఖ్యంగా గ్లూకోజు. ఫ్లూ సోకిన ఎలుకలకేమో తినిపిస్తేనే మంచిదైంది. అంటే ఒక్కో రోగానికి ఒక్కో ఒంటి లెక్క. మన సామెతలో సగం నిజముందని సంతోషపడొచ్చు గానీ, ఏ సగమో తెలియకుండా ఇంట్లో చిన్నపిల్లల మీద, షుగరున్నవాళ్ల మీద ప్రయోగాలు మాత్రం వద్దు.

ఓర్చుకున్నవాడు బతుకుతాడు, బాగానే ఉంది. వాడి పక్కనున్నవాడి సంగతి?

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు చీల్చి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. నాలుగు రోజుల కిందట హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన ఆడదోమ అది. పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో మలేరియా క్రిమి నెత్తురు తిన్నప్పుడు మిగిలే నల్లటి రేణువులు. దోమ మలేరియాను మోస్తుందని తేలింది అక్కడే. ఆ గది ఉన్న భవనం బేగంపేట పాత విమానాశ్రయం పక్కన ఇప్పటికీ ఉంది. ఆ రోజు రాస్ చూస్తున్నది మలేరియా 'రోగి'నే, కాకపోతే ఆ రోగి దోమ. దోమకు ఆ క్రిమి అతిథేమీ కాదు. పొట్ట గోడ దాటబోయే క్రిముల్లో చాలావాటిని అది చంపేస్తుంది. 1986లో అమెరికాలో ఫ్రాంక్ కాలిన్స్ బృందం ఎంపిక చేసి పెంచిన ఆఫ్రికా దోమల వంశం ఒకటి క్రిములన్నిటి చుట్టూ నల్లటి పెంకు కట్టి చంపేసేది. మా తమ్ముడి షెడ్డులో చూసిన నలుపే.

బయట తిరిగే దోమల్లో కొన్ని క్రిములు ఎలాగో మిగులుతాయి. అవి పది పన్నెండు రోజులు పెరుగుతుంటే దోమ మామూలుగానే ఎగురుతుంది, కుడుతుంది. డెంగీ దోమ అయితే వైరస్‌ను బతికినన్నాళ్లూ మోస్తుంది. మనకు అదే వైరస్ ఎముకలు విరిచినంత నొప్పి, ప్లేట్‌లెట్ల టెన్షన్ తెస్తుంది. దోమకు చీమ కుట్టినట్టైనా ఉండదు. దాని కణాలు వైరస్ ఆర్ఎన్ఏను ఎప్పటికప్పుడు ముక్కలు చేస్తూ అదుపులో పెడతాయి, పూర్తిగా తుడిచిపెట్టవు. ఆ దోమ గనక డెంగీతో చచ్చే రకమైతే డెంగీ మన దాకా వచ్చేదే కాదు. గబ్బిలాల సంగతీ ఇంతే. వాటి ఒళ్లు వైరస్‌ల మీద మనంత ఆవేశపడదు, అందుకే వాటితో కలిసి బతుకుతాయి.

డెంగీ దోమను ఆ ఓర్పు నుంచి ఎదిరింపు వైపు తిప్పడానికి దొరికిన దారి ఇంకో ఈగలో ఉంది. పళ్ల ఈగ కణాల్లో కాపురముండే వోల్బాకియా అనే బాక్టీరియాను డెంగీ దోమల్లోకి ఎక్కిస్తే వాటిలో డెంగీ వైరస్ సరిగా పెరగదు. ఇండోనేషియాలోని యోగ్యకర్త నగరంలో అలాంటి దోమలను వదిలిన వీధుల్లో డెంగీ కేసులు 77 శాతం తగ్గాయని 2021లో ఫలితాలు వచ్చాయి.

మళ్లీ పట్టుపురుగుల దగ్గరికి వస్తాను. వాటికొచ్చే రోగాల్లో రైతును ఎక్కువ భయపెట్టాల్సింది ఊజీ కాదు. ఊజీ చుక్క కంటికి కనబడుతుంది, తీసి పారేయొచ్చు. పెబ్రిన్ అలా కాదు. 1865లో ఫ్రాన్సులో పట్టు పరిశ్రమ దానివల్ల కుప్పకూలుతుంటే లూయీ పాశ్చర్‌ను పంపారు. ఆయనకు అప్పటిదాకా పట్టుపురుగుతో పరిచయమే లేదు. రోగమొచ్చిన పురుగుల్లో సూక్ష్మదర్శిని కింద కోడిగుడ్డు ఆకారంలో మెరిసే గింజలు కనబడేవి. అవి రోగ కారణం కాదు, రోగం వల్ల పుట్టినవి అని ఆయన కూడా మొదట పొరబడ్డాడు. దక్షిణ ఫ్రాన్సులోని అలెస్‌లో ఏటా గడిపి, ఐదేళ్లకు లెక్క తేల్చాడు. గింజలే రోగం, అవి తల్లి నుంచి గుడ్లలోకి పోతాయి. రోగం ముదిరిన పురుగు చస్తుంది, దాంతో దాని కథ ముగుస్తుంది. కొద్దిగా సోకి ఓర్చుకున్న పురుగు మాత్రం గూడు అల్లి, రెక్కలతో బయటికొచ్చి, జతకట్టి, నాలుగైదు వందల గుడ్లు పెడుతుంది. చూడటానికి తల్లికీ ఏం లేదు, గుడ్లకూ ఏం లేదు. తర్వాతి పంట మొత్తం పోతుంది.

దానికి పాశ్చర్ మందు కనిపెట్టలేదు. గుడ్లు పెట్టాక తల్లి పురుగును నూరి, ఆ రసం చుక్కను సూక్ష్మదర్శిని కింద చూడమన్నాడు. అంతే. నూట యాభై ఏళ్లు దాటినా మన గుడ్ల ఉత్పత్తి కేంద్రాల్లో జరుగుతున్నది అదే పని. ఒక గింజ కనబడితే ఆ తల్లి గుడ్లన్నీ మంటల్లోకి పోతాయి. కనబడనివి 'రోగం లేని గుడ్లు' అన్న పేరుతో బయటికొస్తాయి.

మా తమ్ముడు గుడ్లు కొనడు. చాకీ కేంద్రం నుంచి రెండో దశ దాటిన పిల్ల పురుగులు తెచ్చుకుంటాడు. పెబ్రిన్ అన్న పేరు విన్నాడు గానీ ఎప్పుడూ చూడలేదన్నాడు. ఈ తల్లి పురుగును నూరే సంగతి చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గుడ్లు పెట్టినాకనే కదన్నా నూరేది?" అని అడిగి, అవునంటే తల ఊపి, ఆకు వేయడానికి లేచాడు.